జనతా గడియారము

కాలమును కొలుచు సాధనమునకు తెలుగువారు పెట్టుకొన్న పేరు గడియారము. ఆ మాటలో గడియ యున్నది. గడియ యనగా 24 నిమిషములు. అట్టివి 60 గడచినచో ఒక పగలును ఒక రాత్రియు పూర్తియగును. అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటి తొట్టిలో తేలవిడిచినచో, అది నిండి మునుగుటకు పట్టు కాలమే గడియ. గిన్నె మునిగినప్పుడెల్ల కావలివాడు కంచు పళ్ళెముపై దెబ్బ కొట్టెడివాడు. ఆ దెబ్బ కోటలోనో, దేవాలయమునందో పడెడిది, ఊరంతయు వినెడిది. కొలుచువా డొకడు, విని నడచుకొనువారు పలువురు. సామాన్యునికి కాలము చెవిన బడెడిదే కాని, అతని చేతిలో నుండెడిది కాదు.

యంత్రపు గడియారములు వచ్చిన తరువాతను ఈ పద్ధతి చాలకాలము మారలేదు. 1889లో హైదరాబాదు చార్మినారుపై నాలుగు దిక్కులను గడియారముల నమర్చిరి. ఊరివారు తలయెత్తి చూచి వేళ తెలిసికొనెడివారు. రైళ్ళు మద్రాసు కాలము ననుసరించి నడచుచుండెను. 1906 జనవరి 1వ తేదీనుండి భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చెను. అయినను కలకత్తా నగరము 1948 వరకును, బొంబాయి నగరము 1955 వరకును తమ స్థానిక కాలములను పూర్తిగా విడువలేదు. ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ ప్రాంతమున తెలుగు తీరమును దాటి సముద్రమున ప్రవేశించుచున్నదని తెలిసినప్పుడు మనవారికి కొంత సంతోషము కలుగుట సహజము.

దేశమునకు ఒకే కాలము ఏర్పడినది. కాని ఆ కాలమును చూచుకొను సాధనము స్టేషను మాస్టరు, జమీందారు, వకీలు, పై అధికారి మొదలగు కొలదిమంది జేబులలోనే యుండెను. మిల్లు కూలికి మిల్లు కూతయే గడియారము. కూత పది నిమిషములు ముందుగా కూసి పనిలోనికి పిలిచినను, పది నిమిషములు ఆలస్యముగా కూసి ఇంటికి పంపినను, కాదని వాదించుటకు అతనివద్ద ఆధార మేదియు లేకుండెను. కావున చౌకయైన చేతి గడియారపు చరిత్ర కేవలము ఒక వస్తువు చరిత్ర కాదు. తన శ్రమను ఎవరో కొలుచుచుండగా, ఆ కొలత సరియైనదో కాదో తానును చూచుకొనగల స్థితికి సామాన్యుడు వచ్చిన చరిత్ర అది.

ఈ విషయమును మొదట గుర్తించి పనికి పూనుకొన్నవాడు జార్జి ఫ్రెడరిక్ రోస్కోఫ్. ఇతడు 1813లో జర్మనీ దేశపు బాడెన్ ప్రాంతమున జన్మించి, బాల్యము గడచిన పిమ్మట స్విట్జర్లాండులోని లా షో-ద-ఫాన్ పట్టణమునకు వలస వచ్చి గడియారముల పని నేర్చెను. ఆ పట్టణమున శ్రీమంతులకు బంగారు గడియారములు తయారగుచుండెను. రోస్కోఫ్ ఆ త్రోవ విడిచి, 20 ఫ్రాంకులకు అమ్మదగిన గడియారమును చేయ సంకల్పించెను. ఆనాటి మంచి గడియారమునందు నూటికి మించిన భాగము లుండగా, ఇతడు 57 భాగములతో సరిపెట్టెను. నడుమ చక్రమును తీసివేసి, స్ప్రింగు నుంచు డబ్బాను పెద్దది చేసెను. ఖరీదైన రాళ్ళకు బదులు ఉక్కు సూదులు పెట్టెను. వెండి బంగారముల కేసునకు బదులు నికెలు మిశ్రలోహపు కేసు వాడెను. పట్టణములోని పనివారు ఈ ప్రయత్నమునకు మొదట సహకరింపరైరి. భాగములను వేరుచోట్ల చేయించుకొనవలసి వచ్చెను. అయినను 1867 పారిస్ ప్రదర్శనమున ఆ గడియారమునకు కంచు పతకము లభించెను. రోస్కోఫ్ దానికి పెట్టిన పేరు 'ప్రోలిటేరియన్', అనగా శ్రామికుని గడియారము.

అది జేబు గడియారము. మణికట్టున గడియారము ధరించుట ఆనాడు స్త్రీల అలంకారముగా ఎంచబడుచుండెను. 1914-18 మహాయుద్ధమున కందకములలో నిలిచిన సైనికునికి జేబు తడుముకొను వ్యవధి లేకుండెను. చూపు మరలించిన చాలు వేళ తెలియవలసియుండెను. అప్పుడే పురుషుల మణికట్టునకు గడియార మెక్కినది. యుద్ధానంతరమున, 1924లో, జపానునందు టోకియోలోని ఒక గడియారముల పరిశోధనాలయము తాను చేసిన జేబు గడియారమునకు పేరు పెట్టుమని గోతో షింపేయిని కోరెను. ఆయన పెట్టిన పేరు 'సిటిజన్'. పౌరులందరికిని ప్రీతిపాత్రము కావలెనని ఆయన ఆశయము. ఆ పేరే 1930లో ఏర్పడిన సంస్థకును నిలిచినది. శ్రామికుడు, పౌరుడు అను ఈ రెండు పేర్ల తరువాత మూడవ పేరు భారతదేశమున పుట్టవలసి యుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో ఇచ్చటి చేతి గడియారము లన్నియు దాదాపు విదేశములనుండి వచ్చినవే. రెండవ పంచవర్ష ప్రణాళిక సాగుచుండగా 1957-58 సంవత్సరములలో విదేశ మారక ద్రవ్యమునకు తీవ్రమైన కొరత ఏర్పడి, దిగుమతులపై కట్టుబాట్లు బిగిసెను. యంత్రములకే చాలని ద్రవ్యమును గడియారములకు వెచ్చించుట ఎట్లు? కాని నిషేధించినంత మాత్రమున కోరిక నశింపదు. పశ్చిమ తీరమునకు రాత్రివేళల చేరు పడవలలో బంగారముతోపాటు గడియారములును దిగుచుండెను. 1962 నాటి కస్టమ్సు చట్టమును చూచినవారికి ఆనాటి పరిస్థితి బోధపడును. దొంగసరుకు అను సహేతుకమైన నమ్మకముతో పట్టుబడిన వస్తువు దొంగసరుకు కాదని నిరూపించు భారము ఏ ఏ వస్తువుల విషయమున స్వాధీనము చేసికొనబడినవానిపై నుండునో 123వ సెక్షను చెప్పుచున్నది. అందు బంగారము సరసన గడియారములను పేరుపెట్టి చేర్చిరి. ఒక దేశపు శాసనము చేతి గడియారమును బంగారముతో సమముగా పరిగణించిన దనగా, సామాన్యునికి అది ఎంత దూరమున నుండెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సమస్యకు పరిష్కారము బెంగుళూరులో లభించెను. 1953లో కేంద్రప్రభుత్వము హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థను స్థాపించినది. స్విట్జర్లాండునందలి ఓర్లికన్ సంస్థ సహకారముతో లేతు మొదలగు యంత్రములను, అనగా యంత్రములను పుట్టించు యంత్రములను, చేయుట దాని ఉద్దేశము. గడియారమునకును లేతునకును ఏమి సంబంధమని తోచవచ్చును. వెంట్రుకలో పదియవ వంతు తేడా వచ్చినను సహింపని నిపుణత రెండింటికిని ప్రాణము. ఒకే భాగమును వేలకొలది చేసినను, ఏ భాగము ఏ గడియారమున పెట్టినను అమరవలెను. అట్టి క్రమశిక్షణ అలవడిన సంస్థకే ఈ పని అప్పగించుట యుక్తముగా నుండెను. సిటిజన్ సంస్థతో ఒడంబడిక కుదిరి, బెంగుళూరున గడియారముల కర్మాగారము వెలసినది. 1961లో అందు తయారైన తొలి చేతి గడియారములను ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేసిరి. ఆ తొలితరపు గడియారములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినదాని పేరు 'జనత'. పౌరుని పేరుగల సంస్థనుండి నేర్చిన విద్య ప్రజల పేరుగల వస్తువుగా రూపొందినది.

జనత గడియారమునకు విద్యుత్తు లేదు, బ్యాటరీ లేదు. ప్రతి ఉదయమును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను కీ యిచ్చినచో లోపలి ఉక్కు పట్టీ చుట్టుకొనును. అది విడివడుచు చక్రములను త్రిప్పును. విడివడుట ఒక్కసారిగా జరుగకుండ ఒక చిన్న కొక్కెము చక్రపు పండ్లను పట్టుచు విడుచుచుండును. ఆ పట్టు విడుపులను వెంట్రుకవంటి స్ప్రింగుగల బ్యాలెన్సు చక్రము శాసించును. మనము వినెడి టిక్కు టిక్కు మను ధ్వని అదియే. ఇరుసులు అరుగకుండ 17 కృత్రిమ కెంపురాళ్ళు పొదిగిరి. అందుచేతనే జనులు దానిని పదునేడు రాళ్ళ వాచి యనిరి. చేయిజారి క్రిందపడినను బ్యాలెన్సు ఇరుసు విరుగకుండ కాపాడు ఏర్పాటును సిటిజన్ సంస్థ 1956లో ప్రవేశపెట్టెను. దాని పేరైన 'పారాషాక్' అను మాట ఇచ్చటి గడియారముల ముఖములపైనను కనబడుచుండెను.

ఆ బ్యాలెన్సు గంటకు 18,000 సార్లు, అనగా క్షణమునకు అయిదుసార్లు కొట్టుకొనును. 24 గంటలకు లెక్కించినచో 4,32,000 అగును. పంచాంగము చూచు అలవాటున్నవారికి ఈ సంఖ్య క్రొత్తది కాదు. మన పూర్వులు కలియుగమునకు చెప్పిన సంవత్సరముల సంఖ్యయు 4,32,000 మాత్రమే. ఇది కాకతాళీయమే యనుకొన్నను, ఒక్క దినమున ఒక యుగపు సంవత్సరములన్నిటిని లెక్కించు యంత్రము గుమాస్తా మణికట్టునకు వచ్చినదని ముచ్చటపడుటలో తప్పులేదు.

ఆ గడియారముల రూపము ప్రత్యేకముగా గమనింపదగినది. అవి నగలుగా పుట్టలేదు, పనిముట్లుగా పుట్టినవి. యంత్రముల సంస్థ చేసినది కాబట్టి వాటియందు యంత్రశాలయొక్క నిర్మొగమాటము కనబడును. జనత ముఖము తెల్లనిది, నిరాడంబరమైనది. దేవనాగరి అంకెలతో వెలువడిన జనత గడియారములును కలవు. 'పైలట్' అనుదాని ముఖము నల్లనిది. దానిపై పెద్ద తెల్లని అంకెలు, చీకటిలో మెరయు పూతగల ముళ్ళు. మసక వెలుతురులో, కదలుచున్న బండిలో, ఒక్క చూపునకు వేళ తెలియవలెనన్నదే దాని ఆశయము. అందులో ఒక్క గీటయినను అలంకారార్థము కాదు. 'జవాన్' పేరు సైనికులను తలపించును. కోహినూరు, సోనా, కాంచన్, సుజాత మొదలగు ఇతర పేర్లును ఇంటి పేర్లవలె పరిచితములైనవి.

వీటన్నిటికంటె ధైర్యముగల రూపకల్పన అంధులకొరకు చేసిన బ్రెయిలీ గడియారము. దాని అద్దము మూతవలె తెరచుకొనును. ఉబ్బెత్తు చుక్కలను, ముళ్ళను వ్రేలితో తడిమి వేళ తెలిసికొనవచ్చును. అంతకు పూర్వము వేళ కొరకు ఇతరుల నడుగవలసిన మనుష్యుడు ఎవరి నడుగకయే తెలిసికొనెను. జనతా గడియారము అను మాట ఈ వస్తువునందు సార్థకమైనంతగా మరి యెందును కాలేదని చెప్పవచ్చును.

తరువాతి రెండు దశాబ్దములలో ఈ గడియారము సంసారములలో ప్రవేశించిన తీరు ఎల్లరు నెరిగినదే. తెలుగునాట పెండ్లికొడుకు అలకపాన్పు ఎక్కినప్పుడు కోరెడి వస్తువులలో సైకిలు, రేడియోలతోపాటు వాచియు చేరినది. మామగారికి అది కొంత భారమే యైనను, విదేశపు వాచి అడిగిన నాటి భారము కాదు. పరీక్షలో కృతార్థుడైన కుమారునికి తండ్రి, మొదటి జీతమందిన తమ్మునికి అక్క బహుమానముగా ఇచ్చిరి. కార్యాలయములలో పదవీ విరమణ సభ జరిగినచో, పూలదండ, శాలువ, వాచి అను మూడును తప్పనిసరి యైనవి. ముప్పది యేండ్లు హాజరు పట్టీయందు వేళ తప్పక సంతకము చేసినవానికి, ఇక వేళతో పనిలేని దినమున, వేళ చూపు వస్తువు నిచ్చుటలో ఒక చమత్కార మున్నను, అందుకొన్నవారు దానిని ఎంతో గౌరవముగా ధరించిరి.

అంతకంటె ముఖ్యమైన మార్పు కర్మాగారములలోను కార్యాలయములలోను వచ్చెను. ఆలస్యమైనదని పై అధికారి అన్నప్పుడు గుమాస్తాయు తన మణికట్టు చూచుకొనగలిగెను. మిల్లు కూత నిజమో కాదో కూలివాడు సరిచూచుకొనగలిగెను. అదనపు పనివేళలకు లెక్క ఇరుపక్షముల వద్దను ఉండెను. చట్టములు వ్రాసిన పనిగంటలు అమలు జరుగుటకు తనిఖీ అధికారు లెంత అవసరమో, పనిచేయువాని చేతనున్న గడియారమును అంతే అవసరము. ఈ రెండవ తనిఖీదారుని జీతము లేకుండ నియమించినది జనత గడియారము.

గిరాకీ పెరుగగా కర్మాగారములును పెరిగినవి. బెంగుళూరునకు తోడుగా శ్రీనగరు, తుమకూరు, హిమాలయ పాదమున రాణీబాగులలో గడియారముల ఉత్పత్తి సాగినది. స్త్రీలు పెద్దసంఖ్యలో ఈ సున్నితమైన కూర్పుపనిలో నిమగ్నలైరి. తెలుగు గడ్డకును ఈ చరిత్రలో భాగము కలదు. హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ 1960 దశకమున హైదరాబాదులో తన యంత్రముల కర్మాగారమును నెలకొల్పినది. 1942లో నిజాము రాజ్యమున ఆరంభమై, బస్సుల శరీరములను, ఇనుప బీరువాలను, రిఫ్రిజిరేటర్లను చేసి పేరుపొందిన హైదరాబాదు ఆల్విన్ సంస్థయు 1980 దశకమున జపాను సేయికో సహకారముతో చేతి గడియారములను తయారుచేసినది. చార్మినారు గడియారములను తలయెత్తి చూచిన నగరమే మణికట్టు గడియారములను దేశమున కందించినది.

ఉన్నతికి చేరిన చోటనే పతనమునకు బీజము పడుట చరిత్రలో అరుదు కాదు. 1969 డిసెంబరులో సేయికో సంస్థ టోకియోలో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారమును అమ్మకమునకు పెట్టెను. అందు స్ప్రింగునకు బదులు బ్యాటరీ, బ్యాలెన్సునకు బదులు సెకనుకు వేలసార్లు స్పందించు స్ఫటికము. కీ యిచ్చు పని లేదు. దినమునకు నిమిషపు తేడా రాదు. మొదట బంగారముతో సమానమైన వెలగల ఈ గడియారము పది పదునైదు సంవత్సరములలో చౌకబారు సరుకైనది. ఇచ్చట 1984లో టాటా సంస్థయు తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలిసి టైటాన్ సంస్థను స్థాపించి, క్వార్ట్జ్ గడియారములను ముఖ్యముగా నమ్ముకొని, 1987నుండి అందమైన దుకాణములలో అమ్మజొచ్చెను. హెచ్.ఎమ్.టి. యును క్వార్ట్జ్ గడియారములను చేసినది. కాని దాని యంత్రములు, నిపుణత, పెట్టుబడి ప్రధానముగా కీ గడియారములతో ముడిపడి యుండెను.

ఈ క్షీణమునకు ఒక్కరిపై నిందమోపుట న్యాయము కాదు. ప్రభుత్వరంగము కావున ఓడినదని కొందరందురు. ప్రభుత్వరంగము కాకున్న అసలు పుట్టెడిదే కాదని కొందరందురు. రెండింటను కొంత సత్యమున్నది. గడియారము కొరకు జనులు వేచియున్న కాలమున సంస్థ అమ్ముకొనుట నేర్వవలసిన పని లేకపోయినది. వేచియుండువారు తగ్గిన దినమున ఆ విద్య ఒక్కసారిగా రాలేదు. 1991 తరువాత విపణి ద్వారములు తెరచుకొనగా పోటీ మరింత తీవ్రమైనది. నష్టములు సంవత్సరము వెంట సంవత్సరము పేరుకొనెను. తుదకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక వ్యవహారముల సంఘము గడియారముల అనుబంధ సంస్థలను మూసివేయుటకు ఆమోదించి, ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ పథకమును ప్రకటించెను. 'దేశ్ కీ ధడ్కన్', దేశపు గుండె చప్పుడు, అని ప్రకటించుకొన్న కర్మాగారములు నిశ్శబ్దములైనవి. ఇతరులకు వాచి బహూకరించి సాగనంపు ఆచారమును దేశమున కలవాటు చేసిన సంస్థలోని పనివారే అట్లు సాగిపోవలసి వచ్చినది.

అయితే మూసివేత మాట వినబడినప్పుడు ఒక వింత జరిగెను. 2014 ప్రాంతమున ఈ వార్త పొక్కగానే, ఏనాడో మరచిన జనత, పైలట్ గడియారముల కొరకు యువకులు దుకాణముల వెంట తిరిగిరి. తాతగారి సొరుగులో నిలిచిపోయిన వాచీలు బయటికి వచ్చెను. బాగుచేయువాని కంటికి మరల భూతద్దము చేరెను. సెల్‌ఫోనున క్షణము తప్పని కాలము లభించు ఈ దినములలో, దినమునకు కొన్ని సెకన్లు తప్పు గడియారమును ఎందుకు కోరవలెను? గతముపై మమకారము కొంత కారణము. ఆ యంత్రము తెరచి చూపవచ్చును, అర్థము చేసికొనవచ్చును, బాగుచేసికొనవచ్చును అనునది మరికొంత కారణము. సామాన్యునికొరకు చేసిన వస్తువు అతని బుద్ధికి అందునట్లుండుటయు దాని గుణములలో ఒకటి.

సంస్థ లెక్కల ప్రకారము అక్కడ తయారైన గడియారములు పదికోట్లకు మించినవి. వానిలో ఎన్నియో పగిలినవి, పోయినవి. మిగిలినవానికి కర్మాగారముతో నేడు పనిలేదు. శుభ్రపరచి, చమురు చుక్క వేసి, కీ యిచ్చినచో అవి ఇంకను నడచును. చట్టమునందు బంగారము సరసన నిలిచిన వస్తువు యాబది సంవత్సరములు తిరుగకముందే సొరుగులలో మరువబడునంత సామాన్యమైనదనుటయే ఆ కర్మాగారములు సాధించిన ఘనకార్యము. రాగి గిన్నె మునిగినదని తెలుపు కంచు దెబ్బకై ఊరు చెవియొగ్గి నిలిచిన కాలము గతించినది. దానిని గతింపజేసినవారిలో బెంగుళూరునందు భూతద్దము పెట్టుకొని కూర్చుండి పదునేడు రాళ్ళను ఒక్కొక్కటిగా పొదిగిన పనివారును కలరు.